అబ్బా గోల్డ్: మా నాయన క్యాసెట్టులో పదిహేడో పాట ఎందుకు చిన్నది?

ప్రశ్న: రామగిరి శ్రోత, నల్లగొండ

అందరికీ నమస్కారం. మా నాయన నల్లగొండ ప్రకాశం బజారులో ముప్పై ఏండ్లకు పైగా దర్జీ పని చేశారు. కుట్టుమిషను పక్కన గోడకు కొట్టిన చెక్క పలక మీద ఒక టేప్‌రికార్డరు ఉండేది. పొద్దున దుకాణం తెరిచి దేవుని పటం ముందు అగరుబత్తి వెలిగించింది మొదలు రాత్రి షట్టరు దించే దాకా అందులో ఏదో ఒక పాట నడుస్తూనే ఉండేది. ఘంటసాల గారి పాటలు, సుశీల గారి పాటలు నిండిన ఆ అరలో ఒకే ఒక్క ఇంగ్లీషు క్యాసెట్టు ఉండేది. అది స్వీడన్ దేశపు అబ్బా బృందం పాటల్లోంచి ఏరి కూర్చిన "అబ్బా గోల్డ్" అనే సంకలనం. హైదరాబాదులో చదువుకుంటున్న ఒక అబ్బాయి, వాళ్ల అన్న పెళ్లికి సఫారీ సూటు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు, 1994 ప్రాంతంలో దాన్ని నాయనకు ఇచ్చి వెళ్లాడట.

నాయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ పందొమ్మిది పాటల వరుస ఆయనకు కంఠతా వచ్చు. ఒక పాట ముగుస్తుండగానే తర్వాతి పాట మొదటి వాద్యపు ముక్కను పెదవులతో పలికేవారు. పాటల నిడివిని ఆయన గడియారంతో కాక చేతిపనితో గుర్తుపెట్టుకున్నారు. ఏ పాటకు ఎంత పని అవుతుందో ఇప్పటికీ చెప్పగలరు.

చూపు మందగించడంతో ఈ ఏడాది దుకాణం మూసేశారు. ఇంట్లో పొద్దుపోక కూర్చుంటున్నారని, అదే సంకలనాన్ని నేను ఫోనులో పెట్టి చిన్న స్పీకరు ద్వారా వినిపించాను. వరుస సరిగ్గా అదే. పదహారు పాటల దాకా కండ్లు మూసుకుని విన్నారు. పదిహేడోది, "ద నేమ్ ఆఫ్ ద గేమ్" అనే పాట, సగం అయ్యేసరికి కండ్లు తెరిచి, "ఇది అది కాదు బిడ్డా. ఇందుల నడుమ ఒక చరణం ఎక్కువున్నది" అన్నారు. ఆ పాట మొదలైనప్పుడు చొక్కాకు కాలరు అతకడం మొదలుపెడితే పాట ముగిసేసరికి పని ముగిసేదని, ఇప్పుడు విన్న పాట లెక్కన ఇంకో చొక్కా చేతిలోకి తీసుకోవలసి వస్తుందని చెప్పారు. మా తమ్ముడు మాత్రం, టేప్‌రికార్డరు పాతదై వేగంగా తిరిగి ఉంటుందని, అందుకే పాట చిన్నదిగా అనిపించి ఉంటుందని అంటున్నాడు.

క్యాసెట్టు ఇంకా మా దగ్గరే ఉంది గానీ వినే స్థితిలో లేదు. టేపును హెడ్డుకు ఒత్తిపట్టే చిన్న నూలు మెత్త ఊడిపోయింది. ఇంకొక్క సంగతి కూడా చెప్పాలి. చివరి పాట అయిపోయాక కొద్దిసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ఘంటసాల గారి పద్యం ఒకటి వచ్చేదని నాయన అంటారు. నేను చిన్నప్పుడు విన్నట్టు నాకూ గుర్తుంది.

నాయన జ్ఞాపకం సరైనదేనా? సరైనదే అయితే, ఆయన దుకాణంలో విన్న రూపంలోనే ఆ పాట వినిపించాలంటే ఏ ప్రతి కొనాలి? దీనితోపాటు నా సొంత సందేహం ఒకటి. ఒక బృందాన్ని తెలుసుకోవడానికి ఇలాంటి సంకలనం ఒక్కటి వింటే సరిపోతుందా, లేక అసలు ఆల్బములే వినాలా?

జవాబు: పాలమూరు రికార్డింగు, మహబూబ్‌నగర్

అమ్మా, మీ ప్రశ్న చదవగానే నా చేతులకు పాత పని గుర్తొచ్చింది. 1986 నుండి పదహారేండ్ల పాటు మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర నేను క్యాసెట్టు రికార్డింగు సెంటరు నడిపాను. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద పాటల చీటీ రాసుకుని జనం వచ్చేవారు. ఖాళీ క్యాసెట్టు ఎంత నిడివిది తీసుకోవాలో, ఏ పాట ఏ సైడులో పడుతుందో లెక్కగట్టి, మరుసటి రోజుకు తయారుచేసి ఇచ్చేవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే మీకు జవాబు చెబుతాను.

ముందుగా మీ తమ్ముని అనుమానం తీరుస్తాను. ఇప్పుడు దొరికే ఆ పాట నిడివి 4 నిమిషాల 51 సెకన్లు. టేపు వేగంగా తిరగడం వల్లనే అది నాలుగు నిమిషాలకు తగ్గాలంటే, యంత్రం ఉండవలసిన వేగం కన్నా అయిదో వంతు ఎక్కువగా తిరగాలి. అంత వేగంలో ఆ బృందంలోని ఇద్దరు గాయనుల గొంతులు చిన్నపిల్లల గొంతుల్లా కీచుగా మారిపోతాయి. పైగా ఆ ఒక్క పాటకే కాదు, పందొమ్మిది పాటలకూ అదే గతి పడుతుంది. తక్కిన పదహారు పాటలు విన్నప్పుడు మీ నాయన గారు ఒక్కసారి కూడా అభ్యంతరం చెప్పలేదంటే ఆ టేప్‌రికార్డరు సరిగ్గానే నడిచిందన్నమాట. తేడా పాటలోనే ఉంది.

ఇక ఆ ఘంటసాల గారి పద్యం. అది ఆ సంకలనంలోది కాదని వేరే చెప్పనక్కరలేదు. ఎందుకు వచ్చిందో మాత్రం నేను చెప్పగలను. మీ దగ్గర ఉన్నది కంపెనీ క్యాసెట్టు కాదు, మా వంటివారు ఎవరో 90 నిమిషాల ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చినది. ఆ సంకలనం మొత్తం సుమారు 77 నిమిషాలు. 60 నిమిషాల క్యాసెట్టులో పట్టదు, 90 నిమిషాలదే తీసుకోవాలి. అందులో ఒక్కొక్క సైడుకు 45 నిమిషాలు. మొదటి పది పాటలు కలిపితే 40 నిమిషాల పైచిలుకు. పదకొండోది "చికితీతా", దాని నిడివి ఒక్కటే 5 నిమిషాల 26 సెకన్లు. దాన్ని కూడా మొదటి సైడులోనే వేద్దామంటే లెక్క 45 నిమిషాలు దాటిపోతుంది. ఖాళీ క్యాసెట్లలో కొంచెం టేపు ఎక్కువే చుట్టి ఉండేది నిజమే గానీ దాన్ని నమ్ముకుంటే ఒక్కోసారి పాట తోక తెగేది. ఆ పాటకు చివర పియానో జోరుగా, పండుగ మేళంలా వస్తుంది. అక్కడ తెగితే విన్నవాడికి అన్నం ముద్ద నోటి దాకా వచ్చి జారినట్టుంటుంది. అందుకని పని తెలిసినవాడు పదో పాటతో మొదటి సైడు ఆపి, పదకొండు నుండి రెండో సైడులో వేస్తాడు. అప్పుడు రెండో సైడుకు 36 నిమిషాలు పోగా ఎనిమిది నిమిషాలకు పైగా ఖాళీ మిగులుతుంది. డబ్బు తీసుకుని టేపు ఖాళీగా ఇవ్వడం మాకు నామోషీ. చేతికి అందిన మంచి పద్యమో కీర్తనో వేసి నింపేవాళ్లం. మీకు వినిపించిన పద్యం ఆ తెలియని మనిషి ఊరికే వేసింది కాదు, ఆయన మర్యాద అది.

నా మాట నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. క్యాసెట్టు వెనక అంచున, రెండు మూలలా, చిన్న చదరపు గుంటలు ఉంటాయి. కంపెనీ పాటల క్యాసెట్టుకు ఆ గుంటలు అచ్చులోనే నున్నగా వస్తాయి. ఖాళీ క్యాసెట్టుకు అక్కడ ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. పాటలు ఎక్కించాక పొరపాటున ఎవరూ చెరపకుండా మేము స్క్రూడ్రైవరు మొనతో వాటిని విరిచేసేవాళ్లం. వేలితో తడిమితే విరిగిన గరుకు తెలుస్తుంది.

మొదటి సైడులో పదో పాట "ఎస్ఓఎస్" తర్వాత మిగిలిన ఖాళీలో ఏముండేదో కూడా నాయన గారిని అడగండి.

జవాబు: వెండి పళ్లెం, సూర్యాపేట

రికార్డింగు అన్నగారు చెప్పిన దానికి సీడీల వైపు నుండి కొంత జోడిస్తాను. మీ నాయన గారి జ్ఞాపకం అక్షరాలా నిజం. "అబ్బా గోల్డ్" మొదటిసారి 1992 సెప్టెంబరులో వెలువడింది. ఆ మొదటి ముద్రణలో "ద నేమ్ ఆఫ్ ద గేమ్" పూర్తి పాట లేదు. కత్తిరించిన రూపం ఉంది, దాని నిడివి 4 నిమిషాలకు కాస్త తక్కువ. ఆ కత్తిరింపు ఈ సంకలనం కోసం చేసినది కూడా కాదు. 1977లో పాట విడుదలైన కాలంలో అమెరికా రేడియో స్టేషన్లకు పంపే ప్రచార డిస్కు కోసం రెండో చరణం దగ్గర కోత వేశారు. ఆ కురచ రూపమే 1982 నాటి ఒక సంకలనంలోకీ, అక్కడి నుండి పదేండ్ల తర్వాత ఇందులోకీ వచ్చి చేరింది. 1999లో ధ్వనిని మళ్లీ శుభ్రపరచి వేసిన ముద్రణలో పూర్తి పాటను తిరిగి పెట్టారు. ఇప్పుడు ఫోనులో వినిపించేది ఆ తర్వాతి రూపమే. మీ క్యాసెట్టు 1994 ప్రాంతంలో తయారైందంటే, ఎవరో తెచ్చిన 1992 నాటి సీడీలోంచే దాన్ని ఎక్కించి ఉండాలి. చొక్కా కాలరుతో కొలిచిన కొలత యాభై సెకన్ల తేడాను ముప్పై ఏండ్ల తర్వాత పట్టుకుందంటే ఆ చేతులకు నేను దండం పెడుతున్నాను.

కొనేటప్పుడు అట్టను చూసి మోసపోకండి. అన్ని ముద్రణల అట్టలూ నల్లని నేల మీద బంగారు అక్షరాలతో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. హైదరాబాదులో పాత సీడీలు అమ్మేచోట దొరికితే, అక్కడే ఏదైనా ప్లేయరులో పెట్టించి పదిహేడో పాటకు వెళ్లి నిడివి చూడండి. 3తో మొదలైతే మీకు కావలసినది అదే. 4 నిమిషాల 51 సెకన్లు చూపిస్తే కొత్తది. ఇంతకు మించిన పరీక్ష అక్కరలేదు.

ఈ సంకలనం ఎందుకు ఇంతగా నిలిచిందో కూడా చెప్పాలని ఉంది, ఎందుకంటే దాన్ని కేవలం అమ్మకాల సరుకుగా చూసేవారు చాలామంది ఉన్నారు. ఆగ్నేథా, బ్యోర్న్, బెన్నీ, ఆనీ-ఫ్రిడ్ అనే నలుగురి పేర్ల మొదటి అక్షరాలతో అబ్బా అయింది. 1974 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో "వాటర్లూ" పాటతో గెలిచి లోకానికి తెలిశారు. 1982 చివరికి కలిసి పనిచేయడం ఆపేశారు. ఆ తర్వాత కొన్నేండ్లు వాళ్ల పాటలు పాతబడిన ఫ్యాషన్ అన్నట్టు పక్కన పడి ఉన్నాయి. 1992లో ఇరేజర్ అనే బ్రిటిష్ జంట అబ్బా పాటలు నాలుగింటిని తిరిగి పాడి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది స్టాక్‌హోంలో యూ2 బృందం కచేరీలో "డాన్సింగ్ క్వీన్" పాడుతుంటే బెన్నీ, బ్యోర్న్ వేదిక మీదికి వచ్చి వాయించారు. సరిగ్గా ఆ గాలి వీస్తున్నప్పుడు ఈ సంకలనం వచ్చింది. 2021 జులైలో బ్రిటన్ ఆల్బముల పట్టికలో 1000 వారాలు పూర్తి చేసుకుంది. అంతకు ముందు ఏ ఆల్బమూ ఆ మైలురాయిని చేరలేదు. బ్రిటన్‌లో ఆ బృందం మొదటి స్థానానికి చేర్చిన తొమ్మిది పాటలూ ఈ ఒక్క డిస్కులోనే ఉన్నాయి, మీ పదిహేడో పాట కూడా వాటిలో ఒకటి.

ఈ డిస్కు దొరకడం కష్టమైతే నా దగ్గర 1992 ప్రతి ఒకటి ఉంది. అమ్మను గానీ, నల్లగొండకు పని మీద వచ్చినప్పుడు తెచ్చి వినిపిస్తాను.

జవాబు: హార్మోనియం మెట్లు, మిర్యాలగూడ

అక్కా, మీ మూడో సందేహానికి నా జవాబు, సరిపోదు అని. పెద్దలు ఏమీ అనుకోవద్దు, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

నేను కీబోర్డు నేర్చుకుంటున్న రోజుల్లో ఈ సంకలనమే వింటూ, అబ్బా అంటే ఎప్పుడూ వెలుగులో ఉండే సంతోషపు పాటల బృందం అనుకున్నాను. ఆల్బములు వరుసగా విన్న తర్వాత గానీ నా పొరపాటు తెలియలేదు. సంకలనంలో పాటలు పుట్టిన వరుసలో లేవు. వాళ్లను లోకానికి పరిచయం చేసిన 1974 నాటి "వాటర్లూ" అన్నిటికన్నా చివర ఉంది. 1980 నాటి "ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్" ఎనిమిదో స్థానంలో ఉంటే, దాని వెంటనే 1976 నాటి "మనీ మనీ మనీ" వస్తుంది. ఆ ఎనిమిదో పాట రాసింది బ్యోర్న్, పాడింది ఆగ్నేథా. అప్పటికి వాళ్లిద్దరూ భార్యాభర్తలుగా విడిపోయారు. విడిపోయిన భర్త ఓటమిని గురించి రాసిన మాటలను ఆమె గొంతుతో పలికించిన పాట అది. దాని తర్వాత శ్రోతకు రెండు నిమిషాల మౌనం కావాలి. సంకలనం ఆ మౌనం ఇవ్వదు, వెంటనే డబ్బు పాట ఎత్తుకుంటుంది.

1981లో బెన్నీ, ఆనీ-ఫ్రిడ్ కూడా విడిపోయారు. ఆ ఏడాది చివర వచ్చిన "ద విజిటర్స్" అనే ఆల్బమంతా చలికాలపు సాయంత్రం లాంటి సంగీతం. దానిలోంచి సంకలనంలోకి తీసుకున్నది "వన్ ఆఫ్ అజ్" అనే ఒక్క పాట. 1973 నాటి తొలి ఆల్బము "రింగ్ రింగ్" నుండి ఒక్కటీ లేదు. కాబట్టి మొదలూ తెలియదు, తుదీ సరిగ్గా తెలియదు, మధ్య వెలుగు మాత్రం తెలుస్తుంది. మీరు 1976 నాటి "అరైవల్", 1981 నాటి "ద విజిటర్స్" ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. ఆ అయిదేండ్లలో నలుగురు మనుషులకు ఏమి జరిగిందో మాటలు అర్థం కాకపోయినా శ్రుతిలో వినిపిస్తుంది.

జవాబు: పాలమూరు రికార్డింగు, మహబూబ్‌నగర్

మిర్యాలగూడ తమ్మునికి. మీరు చెప్పిన ఎనిమిది, తొమ్మిది పాటల సంగతితో నేను ఏకీభవిస్తాను. నేనైతే ఆ రెండింటినీ పక్కపక్కన వేసేవాణ్ణి కాదు. ఒకవేళ చీటీలో అలాగే రాసి ఉంటే ఆ పాట తర్వాత నాలుగు సెకన్లు ఎక్కువ ఖాళీ వదిలేవాణ్ణి.

అయితే సంకలనం అంటే ఆల్బముల్లోంచి తెంపుకొచ్చిన పూల బుట్ట అని మాత్రం అనకండి. ఈ పందొమ్మిదింటిలో రెండు పాటలకు సంకలనాలే పుట్టిల్లు. "ఫెర్నాండో" మొదట ఆనీ-ఫ్రిడ్ ఒక్కరే స్వీడిష్ భాషలో తన సొంత ఆల్బము కోసం 1975లో పాడిన పాట. అబ్బా దాన్ని ఇంగ్లీషులో పాడాక, చాలా దేశాల్లో అది చోటు చేసుకున్నది 1976 నాటి మేటి పాటల సంకలనంలోనే. పేరులో మూడుసార్లు "గిమ్మీ" అని వచ్చే పాట కూడా అంతే. 1979లో రెండో సంకలనానికే కొత్త పాటగా ఇచ్చారు. మొదట వెలువడిన ఆల్బములు మాత్రమే వింటానని పట్టుబట్టిన శ్రోతకు చాలా దేశాల్లో ఈ రెండూ దొరకనే దొరకవు.

వరుస గురించి కూడా ఒక మాట. పుట్టిన తేదీల ప్రకారం పేర్చడం చరిత్ర రాసేవారి పని. దుకాణంలో పగలంతా వినేవారి కోసం పేర్చడం వేరే విద్య. "డాన్సింగ్ క్వీన్" పియానో మీద ఆ చివరి నుండి ఈ చివరికి వేలు ఈడ్చిన ధ్వనితో మొదలవుతుంది. తలుపు తెరిచినట్టుంటుంది. అది మొదట ఉండవలసిందే. పదిహేనో పాట, "డజ్ యువర్ మదర్ నో", ఈ మొత్తంలో మగ గొంతు ముందుండి పాడిన ఒకే ఒక్క పాట. అప్పటికి పద్నాలుగు పాటలుగా ఆ ఇద్దరు స్త్రీల గొంతులు విన్న చెవికి అక్కడ మార్పు కావాలి, వచ్చింది. పద్దెనిమిదోది సంగీతానికి కృతజ్ఞత చెప్పే పాట. అక్కడితో ఆపితే కచేరీలో మంగళం పాడినట్టయ్యేది. ఆపకుండా, మూడు నిమిషాలు కూడా నిండని "వాటర్లూ"ను ఆఖరున ఉరికించారు. విన్నవాడు క్యాసెట్టు తిప్పి మళ్లీ మొదటి నుండి పెట్టుకుంటాడు. నేను పదహారేండ్లు చీటీలు చూసి పేర్చినవాణ్ణి గనుక చెబుతున్నాను, ఇది పని తెలిసిన చేయి పేర్చిన వరుస.

అమ్మా, మీ క్యాసెట్టు బాగు చేయడం కష్టం కాదు. అయిదు చిన్న మరలు బిగించిన పాత క్యాసెట్టు ఒకటి, పనికిరానిది, సంపాదించండి. మరలు లేకుండా అతికించిన డొల్ల అయితే విప్పేటప్పుడు పగులుతుంది. రెండు డొల్లలనూ బల్ల మీద పడుకోబెట్టి విప్పి, మీ టేపు చుట్టలు రెండింటినీ కలిపి ఎత్తి, మంచి మెత్త ఉన్న డొల్లలోకి మార్చండి. టేపును మూలల్లో ఉన్న చక్రాల బయటి వైపు నుండి తిప్పాలి. వేళ్ల చెమట టేపుకు అంటనివ్వకండి. పైన, కింద ఉండే పలుచని జారుడు కాగితాలు మరిచిపోతే చుట్ట బిగుసుకుపోతుంది. మూత పెట్టాక, మొదట పెన్సిలుతో ఒక చివర నుండి ఇంకో చివర దాకా నిదానంగా చుట్టి, ఆ తర్వాతే ప్లేయరులో పెట్టండి.

ప్రశ్న అడిగినవారి మాట: రామగిరి శ్రోత, నల్లగొండ

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మీరు చెప్పినట్టే చేశాను, ఏమైందో పూర్తిగా రాస్తాను.

వెనక అంచున గుంటలు తడిమి చూశాను. రెండూ గరుకుగానే ఉన్నాయి. ఒక మూలనైతే విరిగిన పలుకు సగం ఇంకా అంటుకునే ఉంది. మా మేనమామ ఇంట్లో దొరికిన భజనల క్యాసెట్టు ఒకటి తెగిపోయి మూలన పడి ఉంటే, దాని డొల్ల తెచ్చి, తమ్ముడూ నేనూ వంటింట్లో పళ్లెం మీద తెల్లగుడ్డ పరిచి మార్చాం. మరల్లో ఒకటి దొర్లిపోతే నాయనే, చూపు సరిగ్గా ఆనకపోయినా, చేత్తో తడిమి వెతికి పట్టుకున్నారు. దుకాణంలో గుండీలు అలా వెతికిన అలవాటు.

క్యాసెట్టు నడిచింది. అక్కడక్కడా ధ్వని మసకబారింది గానీ పాటలన్నీ ఉన్నాయి. "ఎస్ఓఎస్" తర్వాత మొదటి సైడులో సన్నాయి వాద్యం ఒకటి సగం దాకా వచ్చి ఆగింది. "చికితీతా" రెండో సైడులో మొదటి పాటగానే ఉంది. దాని చివరి పియానో తెగకుండా మొత్తం ఉంది. పదిహేడో పాట మొదలైనప్పుడు తమ్ముడు ఫోనులో సెకన్లు లెక్కపెట్టాడు, నాలుగు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ వచ్చాయి. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా ఫోను తీసి నాయన చేతిలో పెట్టాడు. ఘంటసాల గారి పద్యం వచ్చేసరికి మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది.

సూర్యాపేట అన్నగారూ, ఇక సీడీ కొనవలసిన పని లేదు గానీ, మీరు నల్లగొండ వచ్చినప్పుడు తప్పకుండా మా ఇంటికి రావాలి. మీ ప్రతిలో ఆ పాట మసక లేకుండా వినాలని నాయన అడుగుతున్నారు. మిర్యాలగూడ తమ్మునికి, మీరు చెప్పిన రెండు ఆల్బములూ వరుసగా ఒక ఆదివారం మధ్యాహ్నం విన్నాం. రెండోది ముగిశాక నాయన చాలాసేపు ఊరుకుని, "వీండ్లకు ఏదో కష్టమొచ్చింది" అన్నారు. వాళ్ల సంసారాల సంగతి నేను ఆయనకు అంతకు ముందు చెప్పలేదు.

క్యాసెట్టు అట్ట చినిగిపోయిందని కొత్తది కత్తిరించి, ఆయన చదువుకోగలిగేంత లావు అక్షరాలతో పందొమ్మిది పాటల పేర్లూ తెలుగులో రాశాను. ఇరవయ్యోదిగా పద్యం పేరు కూడా రాయించారు. పదిహేడో పాటకు ఎదురుగా "చిన్నది" అని రాయమన్నారు.